ముహూర్తానికి లేవని సర్వర్

మా స్కానింగ్ సెంటర్లో సర్వర్‌ను ఏడాదికి ఒక్కసారే చేత్తో ఆపుతారు. దసరా నాడు, ఆయుధ పూజకు. సీటీ మిషను, ఎక్స్‌రే మిషను, జనరేటరు, లిఫ్టు, ఓనరు కారు, అన్నిటినీ కడిగి తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయలు కోసి, కొబ్బరికాయ కొట్టి, ముహూర్తానికి మళ్లీ స్విచ్చు నొక్కుతారు. సర్వర్‌కు కూడా అంతే మర్యాద. ఏడాది పొడుగునా దానికి చాకిరీ చేసేది నేను, స్విచ్చు నొక్కేది మాత్రం ఓనరు వెంకటేశ్వర్‌రావు సారు. నొక్కుకోనీ, నాకేం ఏడుపు లేదు. నొక్కగానే లేవాలంటాడు చూడండి, అక్కడ మండుతుంది నాకు.

నా పేరు రోజారాణి. కరీంనగర్‌లోని ఈ సెంటర్లో కంప్యూటర్లన్నీ నేనే చూసుకుంటాను. సిరిసిల్లలో సాంచాల చప్పుడు మధ్య పుట్టి పెరిగిన మనిషిని కాబట్టి నా గొంతు పెద్దది. పవర్‌లూమ్‌ను మేం సాంచా అంటాం. సాంచా పక్కన మెల్లగా మాట్లాడితే ఎవరికి వినపడుతుంది? ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు, పోవాలని నేనేం మొక్కుకోలేదు కూడా.

సాంచా మీద ఒక్క పోగు తెగినా మా బాపు వెంటనే ఆపేవాడు. తెగినచోట అతికించాకే మళ్లీ నడిపేవాడు. ఆపకపోయినా బట్ట వస్తూనే ఉంటుంది, కానీ గజాల కొద్దీ పాడైన బట్ట వస్తుంది. సర్వర్‌లో డిస్కు సంగతీ అంతే. ఉన్నట్టుండి కరెంటు పోతే రాస్తున్న ఫైలు సగంలో తెగుతుంది. మళ్లీ ఆన్ అయ్యేటప్పుడు డిస్కును ఒకసారి మొత్తం చూసుకొని, తెగినచోట అతికించుకునే ఏర్పాటు మా సర్వర్ నడిచే లినక్స్‌లో ఉంది. ఏ డిస్కును చూడాలో చెప్పేందుకు ఒక ఫైలుంటుంది. అందులో ప్రతి డిస్కు వరుస చివరా ఒక అంకె ఉంటుంది. ఒకటి అంటే దీన్ని ముందు చూడు, రెండు అంటే ఆ తర్వాత చూడు, సున్నా అంటే అసలు చూడనే చూడకు. రోగుల స్కాన్‌లన్నీ ఉండే పెద్ద డిస్కుకు నేను రెండు పెట్టుకున్నాను.

పోయిన దసరాకు నేను అత్తగారింట్లో ఉన్నాను. సర్వర్‌ను నెమ్మదిగా ఆపడం తెలిసినవాళ్లు లేక, పూజకు నేరుగా కరెంటు తీసేసి ఆపారు. సారు ముహూర్తానికి స్విచ్చు నొక్కాడు. సర్వర్ లేవడం మానేసి డిస్కును చూసుకోవడం, అంటే చెక్కు చేసుకోవడం, మొదలుపెట్టింది. పంతులు గడియారం చూశాడు. అప్పుడు ముందుకొచ్చాడు ఉజ్వల్. ఇతను సారు తమ్ముడి కొడుకు, మా మేనేజరు. ఎంబీఏ హైదరాబాద్‌లో చదివాడు, కోపం మాత్రం వాళ్ల ఊరి దొరల గడీ నుంచి తెచ్చుకున్నాడు. చెక్కు సగంలో ఉండగా వైరు గుంజేసి మళ్లీ పెట్టాడు. అది మళ్లీ చెక్కు మొదలుపెట్టింది, ఇతను మళ్లీ గుంజాడు. చివరికి బయటి నుంచి ఎవరినో పిలిపించి నా రెండును సున్నా చేయించాడు. నేను తిరిగొచ్చి చూసుకొని మళ్లీ రెండు పెడితే నా మీదికి లేచాడు.

“మేడం, గా చెక్కు ఉంటె మిషను గంటల కొద్ది లేస్తలేదు. పేషెంట్లు బయట కూసుంటున్నరు. సున్నా ఉండనియ్యిర్రి.”

“సున్నా పెడితె రోగం పోదు సార్. రోగం ఉన్నట్టు తెల్వకుంటయితది, గంతే.”

“మీ డిస్కు కంటె మీ నోరే ఎక్కువ నడుస్తది. ఇది పెద్దబాపు ఆర్డర్.”

సారు మాట అన్నాక నా మాట ఎక్కడ చెల్లుతుంది? సున్నా ఉండిపోయింది. యూపీఎస్ బ్యాటరీలు చచ్చిపోయి ఉన్నాయి. వానాకాలంలో కరెంటు పోయినప్పుడల్లా సర్వర్ ధభీమని పడేది. రాగానే ఏమీ చూసుకోకుండా లేచేది. “చూసిండ్రా, ఒక్క నిమిషంల లేసింది,” అని ఉజ్వల్ నా ముందు చిటికె వేసేవాడు. లేచిన మాట నిజమే. తెగిన పోగులతోనే లేచేది.

ఇది నాకూ ఉజ్వల్‌కూ మధ్య పంచాయితీగానే ఉండిపోయేది, మా మామ ఛాతీలో మచ్చ కనపడకపోయి ఉంటే.

మామ పేరు అంజన్న. మందమర్రిలో బొగ్గుబాయిలో, అంటే గనిలో, పని చేసి రిటైరయ్యాడు. మామకూ నాకూ మాటల్లేవు. కొడుకు కులం కాని పిల్లను చేసుకున్నాడని పెళ్లినాటి నుంచి నాతో నేరుగా ఒక్క మాట మాట్లాడలేదు. నాకు చెప్పాల్సింది మా అత్తమ్మ శంకరవ్వకు చెబుతాడు, నేను మూరెడు దూరంలో నిలబడి ఉన్నా సరే. “నీ కోడలికి చెప్పు, చాయల చక్కెర ఎక్కువైందని.” నేనేమైనా తక్కువ తిన్నానా? “మీ ఆయనకు చెప్పు అత్తమ్మా, ఎక్కువైతె నీళ్లు కలుపుకొమ్మని.” మధ్యలో అత్తమ్మ నలిగిపోయేదని జాలి పడకండి. ఆమెకు అదొక సినిమా.

దసరా సాయంత్రం మా దగ్గర చిన్నవాళ్లు పెద్దవాళ్ల చేతిలో జమ్మి ఆకు పెట్టి, బంగారమని చెప్పి కాళ్లు మొక్కుతారు. పగ ఉన్నవాళ్లు కూడా ఆ పూట ఒకరినొకరు పట్టుకుంటారు. నేను జమ్మి తీసుకొని ముందుకు వెళితే మామ పిడికిలి బిగించేవాడు. అత్తమ్మ నా చేతిలోంచి తీసుకొని ఆయన జేబులో వేసేది. ఏటా ఇదే తంతు. ఏటా నాకు కడుపు రగిలిపోయేది. అయినా మళ్లీ దసరాకు సిగ్గు లేకుండా వెళ్లేదాన్ని.

ఈ ఏడు ఆయనకు దగ్గు పట్టుకుంది. మంచిర్యాలలో స్కాన్ తీస్తే ఛాతీలో మచ్చ కనపడింది. కరీంనగర్‌లో ఛాతీ డాక్టరు దగ్గరికి తీసుకొచ్చాం. ఆయన ఆ ఫిల్మ్‌ను లైటుకు పెట్టి చూసి, “పాత స్కాన్ ఏమన్న ఉన్నదా?” అని అడిగాడు. ఉంది. రెండేళ్ల కింద నిమ్ము చేస్తే మా సెంటర్లోనే తీయించాం. “అయితె తెండి. మచ్చ అప్పుడు గూడ గింతే ఉంటె భయం లేదు, పాత మచ్చ, వదిలేద్దాం. పెరిగుంటె మాత్రం కోసి తియ్యాలె. పండుగ తెల్లారే ఆపరేషన్ థియేటర్ పెట్టుకుంటున్న. దసరా సాయంత్రం లోపల నాకు పంపుండ్రి,” అన్నాడు. మామ వయసుకు, ఆ బొగ్గు పీల్చిన ఊపిరితిత్తులకు కోత అంటే ఏమిటో డాక్టరు విడమరిచి చెప్పలేదు. చెప్పకపోయినా మా అందరికీ అర్థమైంది.

మందమర్రిలో ఇంటికెళ్లి పాత ఫిల్మ్ ఏదని వెతికితే కోళ్లగూడు దగ్గర దొరికింది. గూటి కిటికీకి చలిగాలి రాకుండా మామే మేకులు కొట్టి బిగించాడు. రెండు వానాకాలాలు, రెండు ఎండాకాలాలు చూసిన ఆ ఫిల్మ్ మీద ఇప్పుడు కోడిరెట్ట తప్ప ఏమీ లేదు. ఫిల్మ్‌తో పాటు సీడీ కూడా ఇచ్చాం కదా అంటే, అత్తమ్మ పెరట్లో జామచెట్టు చూపించింది. చిలకలు బెదరడానికి దారం కట్టి వేలాడదీశాడు మహానుభావుడు. గాలికి గిరగిరా తిరుగుతోంది. చిలకలు దాని పక్కనే కూర్చొని కాయలు కొరుకుతున్నాయి.

ఇక మిగిలింది మా సర్వర్‌లో ఉన్నదొక్కటే.

దసరా పొద్దున్నే సెంటర్‌కు వచ్చాను. మా ఆయన సాగర్‌కు పండుగ పూట కూడా బొగ్గుబాయిలో పంపుల డ్యూటీ పడింది, కాబట్టి అత్తమ్మే మామను వెంటబెట్టుకొని వచ్చింది. ఇద్దరినీ సర్వర్ గది ముందు కుర్చీల్లో కూర్చోబెట్టి, లోపలికి వెళ్లి మామ పేరు కొట్టాను. పేరు వచ్చింది, తేదీ వచ్చింది. స్కాన్ తెరిస్తే సగం బూడిదరంగు గళ్లు. ఇంకోసారి తెరిస్తే అదీ లేదు. డిస్కు లోపల అంతా చిందరవందరగా ఉంది, ముందు శుభ్రం చేసుకో అని ఇంగ్లిషులో ఒక్క లైను వచ్చింది. ఏడాది నుంచి మొత్తుకున్నది వచ్చి సరిగ్గా నా ఇంటి మనిషి మీదే పడింది.

ఉజ్వల్ అప్పటికే పట్టు లాల్చీలో తిరుగుతున్నాడు. సంగతి చెప్పాను.

“ఇప్పుడు చెక్కు బెట్టాలె సార్. జర టైం పడ్తది.”

“ఇప్పుడెట్ల మేడం? పూజకు ఎట్లయిన బందు జేస్తం గద, మళ్ల ఆన్ జేసేటప్పుడు చేసుకోర్రి. కాని ముహూర్తానికి లేవాలె.”

“చెక్కు అయ్యేదాక లేవది సార్.”

“జల్ది చెయ్యుమనుర్రి.”

ఎవరిని జల్ది చేయమనాలి? డిస్కునా? నిజానికి ముందు డిస్కు మొత్తాన్ని ఇంకో డిస్కులోకి దించి పెట్టుకొని, ఆ తర్వాత చెక్కు మొదలుపెట్టాలి. ఆ రెండో డిస్కు కొనండి మహాప్రభో అని అడిగి అడిగి నా నోరు పడిపోయింది. ఇప్పుడు ఉన్నదాంతోనే ఈదాలి. సున్నా చెరిపి రెండు పెట్టాను. ఆన్ అయ్యేటప్పుడు తప్పనిసరిగా చూడు, చెడింది దొరికితే నన్ను అడగకుండా బాగుచేయి అని ఇంకో రెండు మాటలు సర్వర్ లేస్తూనే చదువుకునే వరుసలో చేర్చాను. సర్వర్‌ను నెమ్మదిగా ఆపాను. వాళ్లొచ్చి దానికి పసుపు పూసి, నుదుట బొట్టు పెట్టి, మెడలో బంతిపూల దండ వేశారు. గాలి పోయే జాలీ మీద కుంకుమ పడకుండా నేను చెయ్యి అడ్డం పెట్టాను.

ముహూర్తం వచ్చింది. సారు, ఆయన భార్య ప్రమోదిని మేడం వెండి పళ్లెంతో, ఉజ్వల్, పంతులు, అందరూ ఆ అగ్గిపెట్టెంత గదిలో కిక్కిరిశారు. సారు కళ్లు మూసుకొని స్విచ్చు నొక్కాడు. లైట్లు వెలిగాయి. అందరూ చప్పట్లు కొట్టారు. స్క్రీన్ మీద చెక్కు మొదలైంది, పక్కన ఒక శాతం అంకె నత్తలా పాకడం మొదలుపెట్టింది.

కాసేపటికి సారు కళ్లు తెరిచాడు. “ఏందమ్మా, లేస్తలేదు?”

“చెక్కు నడుస్తున్నది సార్. డిస్కు పాడైంది, బాగు చేసుకుంటున్నది.”

“పండుగ నాడు పొద్దుగాల పాడైంది అంటవేంది! శుభమా అని పూజ చేస్తుంటె!”

“మస్తు రోజులాయె సార్ పాడై. చూడొద్దన్నరు, చూడలే. ఇయ్యాల చూస్తున్నం, కనబడ్డది.”

పంతులుకు ఇంకా బజారులో దుకాణాలు మిగిలి ఉన్నాయి. “స్విచ్చు అయితె ముహూర్తానికే ఒత్తిండ్రు గద, దోషం లేదు. రాహుకాలం రాకముందు లేస్తె మంచిది,” అని రెండు వైపులా పనికొచ్చే మాట ఒకటి అనేసి జారుకున్నాడు. అందులో సగమే ఉజ్వల్‌కు వినపడింది.

“రాహుకాలానికి గంట గూడ లేదు పెద్దబాపూ. పోయినసారి నేనే లేపిన గద. వైరు గుంజి పెడితె ఐపోతది. ఈమె కావాలనే మళ్ల రెండు పెట్టింది, నాకు తెల్సు.”

“అవును, కావాలనే పెట్టిన,” అన్నాను. “ఇప్పుడు అది బాగుచేసుడు నడుమల ఉన్నది. గిప్పుడు గుంజిండ్రంటె ఉన్నది గూడ పోతది.”

“అన్ని మీకే తెల్సా?”

“గీ ఒక్క విషయం నాకే తెల్సు సార్. అందుకే గద జీతమిస్తున్నరు!”

నా గొంతు సాంచాల గొంతు, చెప్పాను కదా. కారిడార్ అంతా వినపడింది. సారు మొహం జేవురించింది. “నోరు జర అదుపుల పెట్టుకో అమ్మా. లేకుంటె రేపటికెళ్లి రాకు,” అన్నాడు. ఉద్యోగం పోతుందని గుండె గుబేలుమంది, అబద్ధమెందుకు చెప్పాలి. కానీ కాలు మాత్రం వైరు ముందు నుంచి తీయలేదు.

ఉజ్వల్ తెలివిగలవాడు. నాతో కాదని బయటికి వెళ్లి మామ ముందు నిలబడ్డాడు. “అంజన్నా, నీ స్కాన్ లోపట రెడీగ ఉన్నది. నీ కోడలే అడ్డం నిలవడ్డది. వైరు ఒక్కసారి గుంజి పెడితె నిమిషంల వస్తది. నువ్వన్న చెప్పు.”

చెప్పమన్నదే ఆలస్యం. మామకు ఆస్పత్రి వాసనంటేనే పడదు. పైగా సాయంత్రానికి మందమర్రి చేరి జమ్మి దగ్గర నిలబడాలని పొద్దున్నుంచీ కుర్చీలో మసులుతున్నాడు. చేతికర్ర పట్టుకొని లేచాడు. “నేను ముందుగాలనే అన్న, గా పిల్ల నన్ను కత్తితోటి కోయిపిచ్చేదాక ఊకోదని. తప్పుకొమ్మని చెప్పు నీ కోడలికి. నేనే గుంజుత,” అని లోపలికి వచ్చాడు.

ఎవరి ఛాతీ కోసం నేను తిట్లు తింటున్నానో ఆ మనిషే వైరు మీదికి చెయ్యి చాపాడు. నాకు ఒళ్లు తెలియలేదు. ఇన్నేళ్ల మర్యాద, ఇన్నేళ్ల మౌనం, అత్తమ్మ మధ్యవర్తిత్వం, అన్నీ గంగలో కలిసిపోయాయి. నేరుగా ఆయన మొహంలోకి చూసి అరిచాను.

“మామా! ఫిల్మ్ కోళ్లగూటికి కొట్టినవ్. సీడీ జామచెట్టుకు కట్టినవ్. మిగిలింది గిదొక్కటే. గుంజు! గుంజి దీన్ని గూడ దేనికన్న కట్టుకో! రేపు పొద్దుగాల కత్తి వడేది నీ ఛాతి మీద, నాది గాదు!”

మామ చెయ్యి గాలిలోనే ఆగింది. ఆయన నోరు తెరిచాడు, అలవాటు కొద్దీ అత్తమ్మ వైపు తిరిగాడు. అత్తమ్మ అప్పటికే లోపలికొచ్చి, పట్టుచీర సంగతి చూసుకోకుండా వైర్ల బోర్డుకు వీపు ఆనించి నేల మీద కాళ్లు బారజాపుకొని కూర్చుంది.

“ఇంక నడుమల నేను చెప్ప,” అంది. “మీ మామ కోడండ్లే మాట్లాడుకోర్రి. వైరు గుంజేటోడు ఎవడన్న ఉంటె నా మీదికెళ్లి పోర్రి.”

ఉజ్వల్ ఆమెను దాటి వంగబోయాడు. అప్పటిదాకా పళ్లెం పట్టుకొని బొమ్మలా నిలబడ్డ ప్రమోదిని మేడం, “ఆగు ఉజ్వల్,” అంది. నా వైపు తిరిగి మెల్లగా అడిగింది. “మొన్న నాకు తీసిన స్కాన్ గూడ గిండ్లనే ఉన్నదా?”

“అందరియీ గిండ్లనే ఉన్నయ్ మేడం.”

ఆమె పళ్లెం బల్ల మీద పెట్టింది. హారతి కర్పూరం అప్పటికే ఆరిపోయింది. “అయితె ఆగుర్రి. ఎంతసేపైన కానియ్యి,” అని సారు వైపు చూసింది. ఆ స్కాన్ ఏ జబ్బు అనుమానంతో తీశారో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. సారు కండువా సర్దుకొని బయటికి నడిచాడు. ఉజ్వల్ నన్ను మింగేసేలా చూసి వెనకాలే వెళ్లాడు.

తర్వాత ఎదురుచూడడమే. స్క్రీన్ మీద అంకె ఒకచోట చతికిలబడి కదలనంది. వరుసలు వరుసలుగా ఏవేవో చెడిపోయాయని, బాగుచేశానని రాసుకుంటూ పోతోంది. ప్రతి వరుసా చదువుతూ పోయాను. అది ఎవరి తల, ఎవరి కడుపు, ఎవరి ఛాతీ? మామ గుమ్మం దగ్గర కుర్చీ వేయించుకొని కర్ర మీద గడ్డం ఆనించి స్క్రీన్‌నే చూస్తున్నాడు. ఉండుండి అత్తమ్మను అడిగాడు, “ఎంతదాక వచ్చిందట?” అత్తమ్మ పైకప్పు చూసింది. నేను స్క్రీన్ చూశాను. మొండికి మొండే మందు.

రాహుకాలం వచ్చింది. అది వచ్చాకే చెక్కు ముగిసి, సర్వర్ లేచింది. మామ పేరు కొట్టాను. పేరుంది, తేదీ ఉంది, లోపల స్కాన్ లేదు. అంతకుముందున్న సగం కూడా లేదు.

వెనక నుంచి ఉజ్వల్ గొంతు. “బాగు జేసింది గద మీ చెక్కు? ఏది మరి?”

“నోరు మూస్కో,” అన్నాను. సార్ అనడం కూడా మరిచిపోయాను.

చెక్కు చేసేటప్పుడు ఏ ఇంటిదో తెలియని ఫైలు దొరికితే పారేయదు. దిక్కులేనివాటికని డిస్కులో ఒక మూల ఉంటుంది, పేరు తీసేసి ఒక నంబరు వేసి అందులో పడేస్తుంది. తెరిచి చూస్తే ఆ మూల నిండా నంబర్లే. కానీ స్కాన్ తీసేటప్పుడు ప్రతి బొమ్మ లోపలా రోగి పేరు కూడా ఎక్కుతుంది. బయటి పేరు పోయినా లోపలి పేరు పోదు. ఆ మూలంతా గాలించి లోపల మామ పేరున్నవాటిని ఏరమని మిషనుకు చెప్పాను. కాసేపు ఏమీ రాలేదు. తర్వాత ఒకటి వచ్చింది. దాని వెనక ఇంకొకటి. ఆ తర్వాత వరదలా వచ్చాయి. వరుసలో పేర్చి కిందికి జరుపుతూ పోతే ఛాతీ పైభాగంలో కుడివైపు, చింతగింజంత మచ్చ నన్ను చూస్తూ కూర్చుంది. నేను టేబుల్ మీద తల పెట్టి ఏడ్చేశాను. అత్తమ్మ వచ్చి వీపు నిమిరింది.

డాక్టరుకు పంపాను. టీ చల్లారేలోపే ఫోన్ వచ్చింది. స్పీకర్ పెట్టాను.

“రెండు పక్కపక్కన పెట్టి చూసిన. పిసరంత గూడ పెరగలే. పాత టీబీ మచ్చ. రేపు తీసుకరాకుర్రి, దగ్గుకు మందు రాస్త.”

అత్తమ్మ సర్వర్‌కు దండం పెట్టింది. ప్రమోదిని మేడం తన స్కాన్ కూడా తెరిచి చూపించమంది. అది చెక్కుచెదరకుండా దాని చోట్లోనే ఉంది. సారు కుంకుమ బొట్టు సవరించుకొని, “పూజ మహిమ. నిమ్మకాయలు ఊకె పోతయా?” అన్నాడు. అనుకోనీ. ఉజ్వల్ వచ్చి, “ఐపోయింది గద, ఇగ సున్నా పెట్టుర్రి,” అన్నాడు.

“నేనున్నన్ని రోజులు రెండే ఉంటది. సున్నా గావాలంటె నా కుర్చీల ఇంకొకరిని తెచ్చి కూసోబెట్టుకోర్రి.”

అతను సారు వైపు చూశాడు. సారు భార్య వైపు చూశాడు. “ఉండనియ్యి రెండు,” అన్నాడు సారు. “డిస్కు ఇంకోటి గూడ తెప్పియ్యి.”

ఇక మా మామ. ఇంత జరిగాక మనిషన్నవాడు ఒక మంచి మాట అంటాడని చూశాను. అత్తమ్మతో ఏమన్నాడో తెలుసా? “నేను ముందుగాలనే చెప్పిన, నాకేం గాలేదని. అనవసరంగ పండుగ పూట పరేషాన్ జేసిండ్రు.” నా ఒళ్లు భగ్గున మండింది. సెంటరు వాచ్‌మన్ జమ్మి కొమ్మ తెచ్చి అందరికీ తలా రెండాకులు పంచుతున్నాడు. నా వంతు తీసుకొని పిడికిట్లో నలిపేసుకున్నాను. ఈసారి ఇవ్వను అనుకున్నాను. ఏటా వెళ్లి మూసిన పిడికిలి ముందు నిలబడడానికి నాకేం పట్టింది? సర్వర్ గదిలోకి వచ్చి, దాని మెడలో దండ తీసి, జాలీ మీద కుంకుమ తుడుస్తూ నిలబడ్డాను.

వెనక కర్ర చప్పుడయింది. మామ లోపలికొచ్చాడు. నా వైపు చూడలేదు. తన జమ్మి ఆకు ఒకటి సర్వర్ మీద పెట్టి, దాన్ని చేత్తో తాకి కళ్లకద్దుకున్నాడు. మిషనుకు మొక్కుతాడు గానీ మనిషిని చూడడు అనుకొని నేను ఇంకో వైపు తిరిగిపోయాను.

ఎంతకీ వెళ్లడం లేదు. తిరిగి చూస్తే ఆయన అక్కడే ఉన్నాడు. చూపు మిషను మీదే ఉంది. కానీ కుడిచెయ్యి మాత్రం నా వైపు చాచి ఉంది. అరచెయ్యి తెరిచే ఉంది. బొగ్గు గీతలు చర్మంలోకి దిగిపోయిన చెయ్యి. గదిలో అత్తమ్మ లేదు. చెప్పడానికి ఇంకెవరూ లేరు.

“జల్ది పెట్టు, బస్సు పోతాంది,” అన్నాడు. “ఏం పిల్లవే నువ్వు! నీ మొండితనం మీద మన్నువడ.”

నలిగిన ఆకు ఆ చేతిలో పెట్టాను. మామ పిడికిలి మూశాడు.